ఆనకట్ట గేట్లలోంచి దూరిన పిల్లవాడు: పాతకాలపు దూకే ఆటల్లో బగ్‌లు సరిచేయడం, అడ్డదారులు మూయడం

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక సందులో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. పని తగ్గే ఎండాకాలం మధ్యాహ్నాల్లో మూడేళ్లుగా ఒక ఆట రాస్తున్నాను. చిన్నప్పుడు టీవీకి తగిలించి, కాసెట్ పెట్టి ఆడుకున్న ఆటల్లాంటిదే. ఎడమ, కుడి, దూకు: మూడే మీటలు. ఒక పిల్ల పానగల్లు చెరువు కట్ట మీద పరుగు మొదలుపెట్టి, ఛాయా సోమేశ్వరాలయం, దేవరకొండ కోట, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దాటి, నాగార్జునసాగర్ ఆనకట్ట చేరాలి. దారిలో బాలానగర్ సీతాఫలాలు ఏరుకోవాలి. ఏ గేమ్ ఇంజినూ (ఆటకు కావలసిన కోడును సిద్ధంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్) వాడకుండా, బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో రాశాను. అందుకే ఇందులోని ప్రతి తప్పునూ దాని వేరు దాకా తవ్వి చూడగలిగాను. ఇలాంటి ఆట రాస్తున్నవాళ్లకు ఆ తవ్వకం పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

తప్పులు పట్టింది మా వీధి పిల్లలు. సాయంత్రం బడి వదలగానే వాళ్ల నాన్నల ఫోన్లు పట్టుకుని దుకాణానికి వచ్చేవారు. అట్టముక్క మీద స్కోర్లు రాసి గోడకు తగిలించాను. వారం చివర మొదటి స్థానంలో ఉన్నవారికి ఒక జామెట్రీ బాక్సు. ఆ అట్టముక్క లేకపోతే నా ఆటలోని సగం బగ్‌లు నాకు ఈనాటికీ తెలిసేవి కావు. బహుమతి ఉన్నచోట పిల్లలు గోడలోని ప్రతి ఇటుకనూ తట్టి చూస్తారు.

ముందు సాగర్ లెవెల్ సంగతి చెప్పాలి. నిజమైన ఆనకట్టకు ఉన్నట్టే 26 గేట్లు పెట్టాను. గేటుకూ గేటుకూ మధ్య 160 పిక్సెల్‌లు (తెర మీది చుక్కలు), మొత్తం దూరం 4,160. పిల్ల గరిష్ఠ వేగం సెకనుకు 80 పిక్సెల్‌లు. ప్రతి గేటూ తెరుచుకునే క్షణానికే సరిగ్గా చేరుకుని, ఎక్కడా ఆగకుండా పరుగెత్తినా 52 సెకన్లు పడుతుంది. అంతకన్నా త్వరగా ఎవరూ దాటలేరు. పిల్లల్లో బాగా ఆడేవాళ్లకు 74 సెకన్లు పట్టేది. ఒక సాయంత్రం నాలుగో తరగతి పిల్లవాడొకడు 31 సెకన్లలో ముగించి ఫోను నా ముందు పెట్టాడు.

ఇక్కడే మొదటి మాట. ప్రతి లెవెల్‌కూ అతి తక్కువ సాధ్యమైన సమయం ఎంత, అతి ఎక్కువ సాధ్యమైన స్కోరు ఎంత అన్నది కాగితం మీద లెక్క వేసి పెట్టుకోండి. దూరాన్ని వేగంతో భాగించడం, పండ్లను కూడటం, అంతే. ఆ హద్దు దాటిన స్కోరు కనిపించిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. నా దగ్గర ఆ 52 రాసి ఉండబట్టే ఆ రోజు ఆ పిల్లవాణ్ణి మెచ్చుకుని పంపించకుండా పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను: “ఎలా చేశావో నాకు చూపిస్తావా?” కోప్పడలేదు. కోప్పడితే మళ్లీ ఎవరూ ఏదీ చూపించరు.

చూపించాడు. గేటు ముందుకు రాగానే ఫోను కింది భాగంలో ఉండే చదరపు గుర్తు నొక్కి, ఒకటిన్నర సెకను ఆగి, తిరిగి ఆటలోకి వచ్చాడు. పిల్ల గేటుకు అవతల ఉంది. మొదట ఇది వాళ్ల నాన్నకు ఫోను వచ్చినప్పుడు బయటపడిందట. తరువాత వీధిలోని పిల్లలు కొన్నాళ్లు ఒకరికొకరు మిస్డ్ కాల్‌లు ఇచ్చుకున్నారట. ఆ తరువాత చదరపు గుర్తుతోనే పని జరుగుతుందని ఎవరో కనిపెట్టారు.

కారణం నా కోడులోని ఒక్క వాక్యం. గడిచిన కాలాన్ని వేగంతో గుణించి, అంత దూరం పిల్లను ఒక్కసారిగా జరిపి, చేరినచోట ఏదైనా అడ్డం ఉందా అని చూసేదాన్ని. మామూలుగా సెకనుకు 60 సార్లు ఈ పని జరుగుతుంది; ఇలా ఒక్కసారి జరగడాన్నే ఇక్కడ ‘అడుగు’ అంటున్నాను. కాబట్టి ఒక్కో అడుగులో పిల్ల పిక్సెల్‌న్నర కూడా జరగదు. ఆట తెర వెనక్కి వెళ్లినప్పుడు బ్రౌజరు మన కోడును నడపడం ఆపేస్తుంది. తిరిగి రాగానే గడిచిన ఒకటిన్నర సెకనునూ ఒకే అడుగుగా ఇస్తుంది. 80ని ఒకటిన్నరతో గుణిస్తే 120 పిక్సెల్‌లు. గేటు వెడల్పు 32. పిల్ల గేటును తాకకుండానే అవతల తేలింది. పైగా లెవెల్ గడియారాన్ని నేను అడుగుల లెక్కన నడిపాను కాబట్టి ఆ ఒకటిన్నర సెకనూ ఒక్క అడుగుగానే లెక్కలోకి వచ్చింది. పద్నాలుగు సార్లు అలా చేస్తే 1,680 పిక్సెల్‌లు, అంటే 21 సెకన్లు మిగులు. 52లోంచి 21 తీసేస్తే వాడి 31 సెకన్లు సరిగ్గా వచ్చాయి. ఆ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

గేటును ఇంకా మందంగా చేయడం సరైన మరమ్మతు కాదు. నేను మొదట ఆ పనే చేయబోయాను. రేపు ఇంకొకడు మూడు సెకన్లు ఆగి వస్తాడు. మూలం కాలంలో ఉంది కాబట్టి కాలాన్నే సరిచేయాలి. గడిచిన కాలాన్ని ఒక డబ్బాలో పోసినట్టు కూడబెట్టండి. ఆ డబ్బాలోంచి ఒక్కోసారి సెకనులో 60వ వంతు మాత్రమే తీసి, ఆటను ఒక్క అడుగు నడపండి. మిగిలింది తరువాతి ఫ్రేముకు (తెర మీద గీసే తరువాతి బొమ్మకు) ఉంచండి. ఒకేసారి ఐదు అడుగులకు మించి నడపవద్దు. ఇంకా మిగిలితే పారబోయండి. లేకపోతే నెమ్మది ఫోన్లలో అడుగుల బాకీ పెరిగిపోయి ఆట బిగుసుకుపోతుంది. ఆట తెర వెనక్కి వెళ్లిందని బ్రౌజరు చెప్పగానే విరామం పెట్టేయండి. తిరిగి వచ్చాక మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి మొదలుపెట్టండి. గోడో (Godot) అనే గేమ్ ఇంజిను వాడేవాళ్లకు భౌతిక లెక్కలు మామూలుగానే సెకనుకు 60 సార్లు, సమాన అడుగుల్లో నడుస్తాయి; కదలికలన్నీ ఆ భాగంలోనే రాయాలి, బొమ్మ గీసే భాగంలో కాదు.

ఈ ఒక్క మార్పుతో ఇంకో జబ్బు కూడా పోయింది. తెర సెకనుకు 120 సార్లు మారే కొత్త ఫోన్లలో, నా ఆటలో పిల్లకు అడ్డుపడే కోతులు రెట్టింపు వేగంతో తిరిగేవి. వాటిని నేను ఫ్రేముకు ఇన్ని పిక్సెల్‌లని జరిపాను. ఖరీదైన ఫోను ఉన్న పిల్లవాడికి ఆట కష్టం కావడం, పాత ఫోను ఉన్నవాడికి తేలిక కావడం నన్ను చాలా బాధపెట్టింది. ఇప్పుడు అందరికీ ఒకే ఆట.

విరామం పెట్టేటప్పుడు మరువకూడని చిన్న పని ఒకటి ఉంది. కుడి మీట నొక్కి ఉండగా ఆట తెర వెనక్కి పోతే, వేలు తీసిన కబురు మీ కోడుకు చేరదు. తిరిగి వచ్చాక పిల్ల తనంతట తానే పరుగెత్తి చెరువులో పడుతుంది. విరామం పెట్టే క్షణంలోనే మీటలన్నిటినీ వదిలినట్టు రాసేయండి. విరామంలో అన్ని గడియారాలూ కలిసి ఆగాలి, కలిసి మొదలవ్వాలి. 1987లో వచ్చిన మొదటి మెగా మ్యాన్‌లో సెలెక్ట్ మీటతో ఆటను ఆపి, మళ్లీ నడిపి, ఒకే మెరుపు దెబ్బను శత్రువుకు పదేపదే తగిలించేవారు.

ముందు రికార్డు, తరువాత మరమ్మతు

పిల్లలు వచ్చి “అక్కా, ఇక్కడ ఇరుక్కుపోయింది” అంటారు. మనం ఆడితే ఇరుక్కోదు. ఈ బాధకు మందు మీటల రికార్డు. ప్రతి అడుగులోనూ ఏ మీటలు నొక్కి ఉన్నాయో ఒక్క సంఖ్యగా రాసుకోండి: ఎడమకు 1, కుడికి 2, దూకుకు 4. కుడి, దూకు కలిపి నొక్కితే 6. నిమిషానికి 3,600 చిన్న సంఖ్యలు. ఒక ఫొటోతో పోలిస్తే ఇది ఎంతో చిన్న ఫైలు. అడుగులు సమానంగా ఉన్నాయి కాబట్టి అవే సంఖ్యలను ఆటకు తిరిగి ఇస్తే పిల్ల మళ్లీ అదే దారిలో పరుగెత్తి, అదే రాయి దగ్గర ఇరుక్కుంటుంది. ఇక దాన్ని వందసార్లు చూడవచ్చు.

ఒక షరతు: ఆటలోని యాదృచ్ఛికం కూడా అదే రావాలి. జావాస్క్రిప్ట్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలకు మనం విత్తు (ఆ సంఖ్యల వరుస దేనితో మొదలవ్వాలో చెప్పే సంఖ్య) ఇవ్వలేం. కాబట్టి విత్తు తీసుకుని సంఖ్యలు పుట్టించే చిన్న ఫంక్షన్ సొంతంగా రాసుకుని, ఆ విత్తును రికార్డు మొదట్లో ఉంచండి. అలాగే కోతుల నిర్ణయాలకు వాడే సంఖ్యలను దుమ్ము రేగే బొమ్మలకు వాడవద్దు. నేను వాడాను. నెమ్మది ఫోనులో దుమ్ము తక్కువ గీస్తే కోతులు వేరే దారి పట్టేవి. అది పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది.

గోడలు, నేల, గాలి

చెరువు కట్ట మీద చదునైన నేల. దాని మీద పరుగెత్తే పిల్ల ఒక్కోసారి ఏమీ లేనిచోట టక్కున ఆగిపోయేది. కట్టను 16 పిక్సెల్‌ల టైల్‌లు పేర్చి కట్టాను. పిల్లను అడ్డంగా, నిలువుగా ఒకేసారి జరిపేదాన్ని. బరువు ఆమెను నేలలోకి వెంట్రుకవాసి దించేది. అప్పుడు పక్క టైల్ గోడలా కనిపించేది. అడ్డం కదలిక ముందు పూర్తిచేసి, తాకిడి చూసి, ఆ తరువాతే నిలువు కదలిక చేయండి. అంచులు ఆనుకుని ఉంటే తాకిడి కాదు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటేనే తాకిడి అని పోలిక రాయండి. స్థానాన్ని దశాంశంలో ఉంచకండి. పూర్ణ పిక్సెల్ ఒకచోట, మిగులు ఇంకొకచోట ఉంచి, మిగులు ఒకటికి చేరినప్పుడే ఒక పిక్సెల్ జరపండి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో పిక్సెల్‌ను 16 భాగాలు చేసి వేగాలు లెక్కపెట్టారు. ఆ చిన్న యంత్రం మీద వాళ్లు చేసిన పని చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే.

ఆ ఆటలోనే ప్రపంచమంతా ఎరిగిన కన్నం కూడా ఉంది. మొదటి ప్రపంచంలోని రెండో లెవెల్ (1-2) చివర గొట్టం పక్కన ఒక పద్ధతిలో దూకితే మారియో గోడలోకి చొచ్చుకుపోతాడు. గోడలో ఉన్నవాణ్ణి బయటికి నెట్టే కోడు అతణ్ణి అవతలి వైపుకు జారుస్తుంది. అక్కడి గొట్టాలకు ఏ ప్రపంచానికి పంపాలన్న సమాచారం ఇంకా సరిగా సిద్ధం కాలేదు. దాంతో 36వ ప్రపంచానికి పంపుతాయి. 36వ సంఖ్యకు ఉన్న బొమ్మ ఖాళీ కావడంతో తెర మీద “-1” అని మాత్రమే కనిపిస్తుంది. ఇందులోంచి నేను రెండు పనులు నేర్చుకున్నాను. గోడలో ఇరుక్కున్నవారిని ముందుకు నెట్టకూడదు; చివరిసారి క్షేమంగా ఉన్న చోటికి, అంటే వెనక్కి తేవాలి. తలుపైనా గొట్టమైనా తీసుకెళ్లే ముందు గమ్యం నిజంగా ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే తలుపు తెరుచుకోకూడదు.

దేవరకొండ కోటలో పలుచని చెక్కల మీద దిగాలి. పైనుంచి వేగంగా పడితే పిల్ల చెక్కలోంచి జారిపోయేది. చెక్క మందం 6 పిక్సెల్‌లు, పడే వేగం అడుగుకు 9. పాదం దగ్గరి ఒక్క బిందువు చెక్క లోపల ఉందా అని చూసేదాన్ని. అది ఒక అడుగులో చెక్కకు పైన, తరువాతి అడుగులో చెక్కకు కింద ఉండేది. గత అడుగులో పాదం చెక్క పై అంచుకు పైన ఉండి, ఈ అడుగులో కిందికి వచ్చిందా అని అడగండి. కదిలే చెక్కయితే గత అడుగులో అది ఉన్న స్థానంతోనే పోల్చండి.

ఇక పిల్లల నోట ఎక్కువగా విన్న ఫిర్యాదు: “నేను నొక్కాను, అది ఎగరలేదు.” నేను చాలాకాలం వాళ్ల వేళ్లనే అనుమానించాను. రికార్డులు చూశాక వాళ్ల మాటే నిజమని తేలింది. అంచు దాటిన రెండు మూడు అడుగుల తరువాత నొక్కేవారు, లేదా నేల తాకడానికి రెండు అడుగుల ముందు. కంటికి రెండూ సరైన సమయాలే. అంచు దాటాక ఆరు అడుగుల వరకు, అంటే సెకనులో పదో వంతు సేపు, దూకనివ్వండి. నేల తాకడానికి ఆరు అడుగుల ముందు నొక్కినా గుర్తుంచుకుని, తాకగానే దూకించండి. తల మూలకు నాలుగు పిక్సెల్‌ల లోపు తగిలితే పక్కకు జరిపి పైకి పోనివ్వండి. అయితే ఈ దయలోనే కొత్త కన్నం దాగి ఉంటుంది. దూకిన వెంటనే ఆ ఆరు అడుగుల లెక్కను సున్నా చేయకపోతే గాలిలోనే రెండోసారి దూకవచ్చు. మా పిల్లలు అది అరగంటలో పట్టేశారు.

పిల్లలమర్రిలో ఊడలు పట్టుకుని ఎక్కాలి. ఊడను పట్టుకున్న ప్రతిసారీ దూకే అవకాశం తిరిగి ఇచ్చాను. దాంతో ఒకే ఊడ మీద దూకి, పట్టుకుని, మళ్లీ దూకుతూ తెర పై అంచు దాటి, కోతులేవీ లేని ఆకాశంలో నడిచి లెవెల్ ముగించారు. రెండు మరమ్మతులు చేశాను. వదిలిన ఊడను పన్నెండు అడుగుల వరకు మళ్లీ పట్టుకోనివ్వను. తెరకు పైన కూడా గోడలు కొనసాగుతాయి. తెరలో కనిపించకపోయినా ప్రపంచం అక్కడ ఆగిపోకూడదు.

లెక్కల్లోని దొంగదారులు

కోటలో జెండా పక్కన మూడు సీతాఫలాలు ఉండేవి, ఒక్కోదానికి 100 స్కోరు. ఏరుకుని లోయలో దూకితే పిల్ల జెండా దగ్గర తిరిగి లేచేది. పండ్లు కూడా తిరిగి వచ్చేవి. స్కోరు మాత్రం తగ్గేది కాదు. ఒక చెల్లెలు అరగంట పాటు ఆ లోయలో దూకుతూ మొదటి స్థానానికి వచ్చింది. ప్రతి పండుకూ ఒక సంఖ్య ఇవ్వండి. జెండా తాకినప్పుడు ఏరిన పండ్ల జాబితానూ స్కోరునూ కలిపి ఒకేసారి భద్రపరచండి; చనిపోతే రెండూ కలిసి ఆ జెండా నాటికి తిరిగి వెళ్లాలి. రెండింటిలో ఒకటే వెనక్కి వెళితే కన్నం తెరుచుకుంటుంది.

పాత యంత్రాల మీద మక్కువతో పండ్ల లెక్కను ఒక్క బైటులో (0 నుంచి 255 వరకే పట్టే చోటులో) ఉంచాను. 255 తరువాత సున్నా అయింది, ఒక పిల్లవాడు ఏడ్చాడు. ఇలాంటిది పెద్ద ఆటల్లోనూ ఉంది: 1981 నాటి డాంకీ కాంగ్‌లో 22వ లెవెల్‌లో సమయం లెక్క 260కి చేరి, బైటులో పట్టక 4గా మిగులుతుంది, ఎవరూ ఆ లెవెల్ ముగించలేరు. సూపర్ మారియోలో తాబేలు చిప్ప మీద గెంతుతూ ప్రాణాలు పెంచుకుంటూ 127 దాటితే, లెక్క రుణసంఖ్యగా మారి తరువాతి చావుతోనే ఆట ముగుస్తుంది. ఆట పాతకాలపుదిగా కనిపించాలంటే రంగులు తగ్గించండి. సంఖ్యలకు మాత్రం చోటు ఇవ్వండి, పైన ఒక హద్దు పెట్టండి.

రోజూ ఒక ఉచిత పండు ఇచ్చేదాన్ని. పిల్లలు ఫోనులో తేదీని ముందుకు జరిపి, నెల రోజుల పండ్లు తీసుకున్నారు. సర్వరు లేనిచోట దీనికి పూర్తి తాళం లేదు. ఆ బహుమతినే తీసేశాను, దాని లోటు ఎవరికీ తెలియలేదు.

భద్రపరిచిన ఫైలు సంగతి కూడా అంతే. బ్రౌజరు దాచే సంఖ్యలను ఎవరైనా తెరిచి మార్చవచ్చు. కోడులో రహస్యపు తాళం పెట్టినా ఆ తాళం కూడా వాళ్ల ఫోనులోనే ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా ఆడుకునే పిల్లవాడు తనకు వెయ్యి ప్రాణాలు రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు, వాడి ఆట వాడిది. ఇంట్లో ఆడే యంత్రం మీద 1986లో వచ్చిన గ్రేడియస్ ఆటలో, నొక్కితే ఆయుధాలిచ్చే కోనామీ కోడు అలాగే పుట్టింది: కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామర్ తాను పరీక్షించుకోవడానికి పెట్టుకున్న మీటల వరుస అది. నష్టమల్లా గోడ మీది అట్టముక్కకే, ఎందుకంటే దాని వెనుక ఇంకో పిల్ల నిజంగా కష్టపడి ఆడిన సాయంత్రం ఉంది. అందుకే అట్టముక్క మీద ఎక్కాలంటే స్కోరు చాలదు, మీటల రికార్డు ఇవ్వాలి. దాన్ని నా కంప్యూటర్లో నడుపుతాను. అదే స్కోరు వస్తే రాస్తాను, రాకపోతే రాయను. రికార్డును కూడా కంప్యూటరుతో తయారు చేయవచ్చు, కాబట్టి మొదటి స్థానం మాత్రం నా ఎదుట మళ్లీ ఆడాలి.

అన్ని కన్నాలూ మూయలేదు. కోతి తల మీద దిగే అడుగులోనే దూకు నొక్కితే పిల్ల రెట్టింపు ఎత్తు ఎగురుతుంది. నేను రాయాలనుకున్నది కాదు, రెండు నియమాలు కలిసి పుట్టించింది. దానివల్ల ఎవరి ఆటా చెడదు, నేర్చుకోవడం కష్టం, చూడటానికి ఎంతో అందం. దేవరకొండ బురుజు మీద ఆ దూకుతోనే అందే ఒక అరుగు కట్టి, అక్కడ ఒక పెద్ద సీతాఫలం పెట్టాను.

ఇప్పుడు నా దగ్గర 41 రికార్డులు ఉన్నాయి. పైన చెప్పిన ప్రతి బగ్‌కూ కనీసం ఒకటి. కోడులో ఒక్క అక్షరం మార్చినా, షట్టర్ దించే ముందు అన్నిటినీ బొమ్మలు లేకుండా వేగంగా నడిపిస్తాను. పోయిన నెల ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభం నీడ బొమ్మను అందం కోసం ఎనిమిది పిక్సెల్‌లు వెడల్పు చేశాను. అసలు గుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడ అది. నా ఆటలో ఆ నీడలో నిలబడితే కోతులకు కనిపించరు. ఆ రాత్రి 17వ రికార్డులో వేరే స్కోరు వచ్చింది. చూస్తే, దాక్కునే నియమం నీడ బొమ్మ వెడల్పునే చదువుతోంది. దొరకాల్సిన చోట పిల్ల దొరకలేదు. నీడ బొమ్మను, దాక్కునే హద్దును రెండు వేరు సంఖ్యలుగా రాసి, 41 రికార్డులూ మొదటి నుంచి మళ్లీ నడిపాను. స్కోర్లన్నీ సరిపోయేసరికి తొమ్మిదిన్నర అయింది.